పసుపు కింద ఎరుపు

మా పంతులమ్మ పోయారన్న కబురు కొమరోలు బస్సులో వచ్చింది. గిద్దలూరు బజారులో మా దుకాణం ముందు బస్సు నెమ్మదించగానే కండక్టరు మెట్టు మీద నుంచే కేకేశాడు.

"శెట్టిగారూ! మీ పాపకు చదువు చెప్పిన పంతులమ్మ తెల్లారుజామున పోయినారంట. ఇదే బస్సు తిరుక్కోని పోతాది. వచ్చేటట్టయితే సీటు ఆపుతా."

నాయన తక్కెడలో కందిపప్పు పోస్తున్నాడు. సగం నిండిన తట్టను అట్లాగే వదిలేసి లోపలికి చూశాడు. నేను పొట్లాలు కట్టే పాత పేపర్లు చదువుతూ కూచున్నాను. బీఎస్సీ అయిపోయి ఇంట్లో ఉన్న ఈ రెండేళ్ళుగా నాకదే ఉద్యోగం. "పాపా, చెప్పులేసుకో," అన్నాడు నాయన. ఆమె కోసమని మొన్న కొని పెట్టిన నల్ల గొడుగు మేకుకు వేలాడుతూనే ఉంది. దాన్ని చూసి ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం.

ఆమె చావుకి కొమరోలులో అప్పటికే నాలుగు పేర్లు పెట్టారు. నీళ్ళ జబ్బని కొందరు, వాతమని కొందరు, మొగుడి దిగులని ఇంకొందరు, మందులే తినేశాయని మరికొందరు. నాకు తెలిసిన పేరు వేరే ఉంది. అది దొరికేసరికి ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో నా పాలు కూడా ఉంది. ఆమె గురించి రాయడానికి కూచుంటే, మంచి మాటల కంటే ముందు అదే అడ్డొస్తోంది.

మా కుటుంబం కొమరోలులో ఉన్నప్పుడు ఐదో తరగతి దాకా నేను ఆమె దగ్గరే చదివాను. ఒకటే గది, రేకుల కప్పు, ఐదు తరగతులు. శనివారం వస్తే పలకలు పక్కన పెట్టించి, ఎవరింట్లో ఏ గింజలుంటే అవి గుప్పెడు తెమ్మనేవారు. కంది, సజ్జ, జొన్న, ఉలవ, అలసంద, ఆముదం. ఆ ఏడు వాన ఏది పండనిస్తే అది. అన్నీ చాప మీద కలిపేసి "కుప్పలు పొయ్యండి" అనేవారు. మేం రంగును బట్టి పోసేవాళ్ళం. మొత్తం కలిపేసి "ఇప్పుడు ఇంకో రకంగా" అనేవారు. చిన్నవి పెద్దవి చూసి పోసేవాళ్ళం. మళ్ళీ కలిపేసేవారు. ఒకరోజు గొర్రెలు మేపే వాళ్ళ పిల్ల ఒకతి విసిగిపోయి లేచి నిలబడింది.

"ఏది సరైన కుప్పో నువ్వే చెప్పరాదా పంతులమ్మా! మా గొర్రెలు ఇంటికొచ్చే పొద్దయింది."

ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "యాడుండాలో గింజకేం తెలుసు పిల్లా? కుప్ప మనం పోసేదే. దేనికోసం పోసినావో ముందు నువ్వు చెప్పు. సరైందో కాదో అప్పుడు నేను చెప్తా."

ఎట్లా పోసినా ఏ కుప్పకూ చేరని గింజ ఒకటో రెండో మిగిలేవి. వాటిని కిటికీలో ఒక మూతలో వేసి ఉంచేవారు. "పారెయ్యబాకండి. రోజుకొకసారి చూడండి. అది ఏందో ఒకరోజు అదే చెప్తాది." ఒకసారి వాన జల్లు కొట్టి ఆ మూతలో గింజ మొలకెత్తింది. రెండాకులు వేశాక గానీ అది అడవిబీర అని మాకు తెలియలేదు.

ఆమెను చూసినవాళ్ళకు ముందు గుర్తుండేది ముఖానికి రాసుకునే పసుపు. అందరు ఆడవాళ్ళూ రాసుకునేదే. కానీ ఆమెది చామంతిపువ్వు రంగు తేలేటంత మందం. నాకు పదేళ్ళప్పుడు ఆమె భర్త పని వెతుక్కుంటూ పోయి మళ్ళీ రాలేదు. ఉత్తరం లేదు, చూశామన్నవాళ్ళు లేరు. అప్పటినుంచి ఊరి ఆడవాళ్ళు ఆమె ముఖం చూసి ఆయన ఉన్నాడో లేడో తేల్చుకునేవారు. "నేను ఒక్కరోజు పసుపు మానితే చాలు పాపా, ఈ ఊరు ఆయన్ని చంపేస్తాది," అన్నారు నాతో ఒకసారి.

నాలుగేళ్ళ కిందట ఆమె చేతిలో సుద్దముక్క నిలవడం మానేసింది. పొద్దున లేస్తే వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయేవి. మధ్యాహ్నానికి కాస్త వదిలేవి. ఊరు వెంటనే పేరు పెట్టేసింది. ఆమె పుట్టిల్లు కనిగిరి అవతల వెలిగండ్ల వైపు. ఫ్లోరైడు ఉన్న ఆ పక్క బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు చారలుంటాయి. వయసు మీదపడితే నడుములు, మోకాళ్ళు వంగకుండా పోతాయి. ఆమె పళ్ళ మీదా ఆ చారలున్నాయి. ఇంకేం కావాలి? "ఆ నీళ్ళు యాడికి పోయినా ఎముకల్లో ఉంటాయమ్మా," అని పక్కింటి పెద్దమ్మ తేల్చేసింది. పంతులమ్మ కూడా సరేనన్నారు. గింజలు పదిసార్లు కలిపి పోయించిన మనిషి, తన విషయంలో ఊరు పోసిన కుప్పలోనే కూచున్నారు.

మిగతా బాధలు లేవని కాదు. నోట్లో పుండ్లు లేస్తే ఆకుపసరు ఇచ్చే అవ్వకు చూపించారు. జుట్టు గుప్పెళ్ళుగా ఊడితే సంతలో నూనెలమ్మే అతనికి చెప్పారు. కీళ్ళ నొప్పి మాత్రం కట్లు కట్టే ఆయనకు చెప్పారు. ఏ సరుకు ఏ దుకాణంలో దొరుకుతుందో అక్కడే అడగడం మా వైపు మర్యాద. పప్పు దుకాణంలో గాజులు అడిగితే నవ్వుతారు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్ళ కిందట, నా పరీక్షలు అయిన వారానికి, నాయనా నేనూ ఆమెను రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. "డాక్టర్లకు తొందర జాస్తి. ఆమె బాధలన్నీ ఇంగ్లీషులో వరసగా రాసి పెట్టుకో," అన్నాడు నాయన. ఆ పని నాకు ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పొద్దున మేం దిగిన సత్రం బావి దగ్గర ఆమె ముఖం కడుక్కుని లేచారు. పసుపు లేని ఆ ముఖాన్ని నేను అదే మొదటిసారి చూడటం. రెండు చెంపల మీదా ఎరుపు, ముక్కు మీదుగా కలిసిపోయి ఉంది. ముక్కు పక్కన నవ్వితే పడే మడతల దగ్గర మాత్రం గీత గీసినట్టు ఆగిపోయింది. కాలేజీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. ఆకు అంచు చూసి అది ఏ కుటుంబానిదో చెప్పడం నేర్చుకున్నదాన్ని. ఆ ఎరుపు అంచు నాకు స్పష్టంగా కనబడింది.

"ఏందమ్మా అది?"

"ఎండ పాపా. బడికి నడుస్తా గదా."

"రాయనా?"

"రాయబాక. మనం కీళ్ళ కోసం వచ్చినాం. ఆయన కీళ్ళు చూసే డాక్టరు. ముఖం సంగతి ఆయనకెందుకు?" అంటూనే కొంగుముడి విప్పి పసుపు తీశారు. ఊరు దాటి ఇంత దూరం వచ్చినా ఆ ముడి ఆమె వెంటే వచ్చింది.

డాక్టరు నిదానస్తుడు. పుట్టిల్లు ఎక్కడని అడిగారు, పళ్ళు చూశారు, ఎక్స్‌రే తీయించి వెలుతురులో పెట్టి చూశారు. "నీళ్ళ జబ్బు పళ్ళ దాకానే వచ్చిందమ్మా, ఎముకల్లోకి పోలేదు. ఈ వేళ్ళ వాపు వేరే," అన్నారు. తర్వాత పిల్లలకు చెప్పినట్టే చెప్పారు. ఈ రకం జబ్బులకు ఇదే రుజువు అని చూపడానికి ఒక్కటేదీ లేదట. డాక్టర్లంతా కలిసి కొన్ని గుర్తులు రాసిపెట్టుకున్నారట. పొద్దుటి బిగువు ఒకటి, చిన్న కీళ్ళ వాపు ఒకటి, రెండు చేతులకూ ఒకేలా రావడం ఒకటి. ఎక్కువ గుర్తులు కలిస్తే ఖాయమైన కీళ్ళ వాతం, కొన్ని కలిస్తే బహుశా, ఇంకా తక్కువైతే కావచ్చు. ఆమె కాగితం మీద 'ప్రాబబుల్' అని రాశారు.

"అంటే ఏందండీ?" అని ఆమె అడిగితే "బహుశా" అన్నారు.

"జబ్బులో గూడా నాకు ఫస్టు క్లాసు రాలేదు పాపా!" అన్నారామె నా వైపు తిరిగి. డాక్టరుకు కూడా నవ్వాగలేదు.

నవ్వయ్యాక ఆయన కలం పట్టుకునే అడిగారు. "ఇంకొక్క మాట. కొన్ని గుర్తులుంటే ఈ పేరు పెట్టకూడదు, వేరే జబ్బు చూసుకోవాలి. ముఖం మీద ఎర్రగా దద్దులాంటిది ఏమైనా వస్తుందా?"

"లేదండీ," అన్నారామె.

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. అక్కడ పసుపు తప్ప ఏముంది? నా చేతిలో కాగితం తీసుకుని "అన్నీ రాసినావా అమ్మా?" అని నన్నడిగారు.

"రాశానండీ," అన్నాను.

ఆ ఒక్క మాట. గురువు రాయొద్దన్నారు కాబట్టి అన్నానా, అది ఎండే అని నిజంగా నమ్మానా, కీళ్ళ డాక్టరు ముందు ముఖం ఊసెత్తడం పల్లెటూరితనంగా కనబడుతుందని వెనక్కి తగ్గానా? ఎన్నిసార్లు కలిపి పోసినా ఈ మూడూ విడివిడి కుప్పలు కావడం లేదు.

ఆర్నెల్ల తర్వాత పక్కింటి పెద్దమ్మ బస్సెక్కి మా దుకాణానికే వచ్చింది. "శెట్టీ, పంతులమ్మ కాళ్ళు రోకళ్ళ మాదిరి ఉబ్బినాయి. దొడ్లో ఒంటికి పోసిన నీళ్ళు గూడా నురగ నురగ. ఇది కీళ్ళ సంగతి కాదయ్యో," అంది. చదువురాని ఆ మనిషి ఆ రోజు మూడు బాధల్ని ఒక్క గుక్కలో చేర్చింది. చదువుకున్న నేను చెయ్యని పని అది.

ఆమెను మళ్ళీ రైలెక్కించి తీసుకెళ్ళాం. ఈసారి డాక్టరు ఆమె కాళ్ళు నొక్కి చూశారు, గుంటలు పడి అట్లాగే ఉండిపోయాయి. తర్వాత "అమ్మా, ఒకసారి ముఖం సబ్బుతో కడుక్కుని రండి," అన్నారు.

ఆమె లేవలేదు. వసారాలో కంభం నుంచీ గిద్దలూరు నుంచీ వచ్చిన ఆడవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. చివరికి "పాపా, తలుపు దగ్గర నిలబడు. మన వైపు వాళ్ళెవరన్నా తొంగి చూస్తే చెప్పు," అని మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళారు. వేళ్ళు ముడవలేక అరచేతుల మధ్య సబ్బు నొక్కి పట్టుకున్నారు. మూడుసార్లు కడిగారు. తొట్టిలో నీళ్ళు పచ్చగా పోయి, పోయి, తెల్లబడ్డాయి. ఇటు తిరిగారు.

డాక్టరు ఆ ఎరుపునూ, మడతల దగ్గర దాని అంచునూ చూసి, నోరు తెరవమన్నారు. అంగిట్లో పుండ్లు. జుట్టు రాలుతోందా అని అడిగారు. ఈసారి ఆమె ఔనన్నారు. ఆయన పాత కాగితం తీసి 'ప్రాబబుల్' మీద అడ్డంగా గీత కొట్టారు. రక్తం తీయించి పంపారు. రెండు రోజులకు ఆ పరీక్షా ఔననే చెప్పింది. జబ్బు పేరు లూపస్. అప్పటికే మూత్రపిండాలను పట్టింది.

"ఒంటిని కాపాడాల్సిన బలగం ఒంటి మీదే తిరగబడే జబ్బమ్మా ఇది. మంద కాసే కుక్క సొంత గొర్రెల మీదే పడ్డట్టు," అన్నారు. "కీళ్ళ వాతం అట్లాంటిదే. చర్మం బిగుసుకుపోయేది, కండలు చచ్చుబడేది, ఇంకా ఉన్నాయి. అన్నీ ఒకింటి అక్కచెల్లెళ్ళు. ఒకరి చీర ఒకరు కట్టుకు తిరుగుతారు. ఒక్క చీర చూసి మనిషిని పోల్చుకోబోతే పొరపాటు పడతాం."

బయటికొచ్చాక నేను ఒక్కదాన్నే మళ్ళీ లోపలికి వెళ్ళాను. పేరు మారితే ఏం మారుతుందని అడిగాను.

"చూసే చోటు మారుతుంది," అన్నారాయన. "కీళ్ళ వాతం అనుకున్నాం కాబట్టి ఆర్నెల్లూ చేతులు చూశాం. ఇదని తెలిసుంటే మూత్రపిండాల మీద ముందే కన్నేసి ఉండేవాళ్ళం."

"ముందే చూసుంటే ఆగేదా?"

"అది నేను చెప్పలేనమ్మా."

చెప్పగలిగి ఉంటే, ఎటు చెప్పినా, ఈపాటికి నేను నిద్రపోతూ ఉండేదాన్నేమో.

తిరుగు రైలులో, నాయన కునికిపాట్లు పడుతుండగా, ఆమెతో చెప్పేశాను. ఆ పొద్దున బావి దగ్గర చూసింది రాసి ఉండాల్సిందని. ఆమె కిటికీలోంచి చూస్తూ విన్నారు. "రాయబాక అన్నది నేను గదా. నా పాలు నువ్వెందుకు తీసుకుంటావు?" అన్నారు. కొంచెం ఆగి, "కానీ పాపా, నీ కంటికి కనిపించింది నీది. అది ఇంకొకరు వద్దన్నారని పారెయ్యబాక," అన్నారు. మొదటి మాట ఓదార్పు, రెండోది పాఠం. నాతో రెండోదే మిగిలింది.

మర్నాటి నుంచి ఆమె పసుపు మానేశారు. నేను చూడలేదు గానీ, ఊరి కుళాయి దగ్గర జరిగింది పెద్దమ్మ చెప్పింది. ఒకామె బిందె కిందపెట్టి, "ఏమ్మా పంతులమ్మా, ముఖం బోసిగా ఉంది. ఆయన కబురేమన్నా వచ్చిందా?" అని దీర్ఘం తీసిందట.

"కబురు రాలేదక్కా, జబ్బొచ్చింది. ఆయన బొట్టులో ఉన్నాడులే, ఇరుకైనా సర్దుకుంటాడు," అన్నారట ఈమె.

ఎండ తగలకూడదని డాక్టరు చెప్పారు. చెంపల ఎరుపు పెరిగితే లోపలా రేగిందేమో, ఆగకుండా రమ్మన్నారు. ఇంట్లో ఉన్న అద్దంలో ఆమెకు ఏ రోజుకారోజు ఒకేలా కనిపించేది. అందుకని ఆ పని బడికి అప్పజెప్పారు. మార్కాపురం పెద్ద పలక ఒకటి గుమ్మం పక్కన మేకుకు తగిలించారు. పొద్దున ఆమె రాగానే వంతులవారీగా ఒక పిల్లో పిల్లవాడో వచ్చి ముఖంలోకి చూడాలి. బలపంతో గుండ్రం గీసి, కళ్ళూ ముక్కూ పెట్టి, చెంపల మీద ఎంత ఎరుపుంటే అంత ఇటుకపొడి పుయ్యాలి.

"నిన్నటికంటే జాస్తి ఉంది పంతులమ్మా."

"నిన్నటిది నీకెట్ల తెలుసు? నిన్న నీ వంతు కాదు గదా."

"దొంగతనంగా చూసినా!"

అందరూ గొల్లుమనేవారు. నేను వారానికొకసారి వెళ్ళి ఆ బొమ్మల లెక్క కాగితం మీదికి ఎక్కించుకుని, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తీసుకుపోయేదాన్ని. ఈ కాగితంలో మాత్రం ఒక్కటీ వదల్లేదు. డాక్టరు దాన్ని తన కాగితాలతో కలిపి కుట్టి పెట్టుకున్నారు. మందులకు ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది. "బొమ్మ గీయడం ఇప్పుడు సులువు మీకు," అనేవారు పిల్లలతో. రెండుసార్లు ఎరుపు పెరగడం పిల్లలే ముందు పట్టారు, రెండుసార్లూ వెంటనే వెళ్ళాం, రెండుసార్లూ తగ్గింది. మూడోసారి ముఖం మీద ఎరుపు పెరగనే లేదు. లోపల మాత్రం మూత్రపిండాలు చేతులెత్తేశాయి.

కబురు విని మేం కొమరోలు చేరేసరికి ఆమెకు స్నానం చేయించి కూచోబెట్టారు. పుట్టింటి నుంచి తమ్ముడు వచ్చి అరుగు చివర నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళలో వాదన నడుస్తోంది. ముత్తైదువలాగా సాగనంపాలా వద్దా, మొగుడు ఉన్నట్టా లేనట్టా. ఆమెను ఇందులోనూ ఏదో ఒక కుప్పలో చేర్చాలి.

"ఆయన ఉన్నాడనే ఆమె బతికింది గదా," అంది పక్కింటి పెద్దమ్మ. "మీరెవరే తేల్చేదానికి? పుయ్యండి."

పసుపు ముద్ద గిన్నెలో తడిపి తెచ్చారు. చెంపల మీద ఇంకా మచ్చలాగా మిగిలి ఉన్న ఆ ఎరుపు, ముక్కు పక్కన ఆగిన ఆ అంచు, ఒక చెయ్యి ఇటునుంచీ ఒక చెయ్యి అటునుంచీ రాస్తుంటే కొంచెం కొంచెంగా కనబడకుండా పోయింది. ఒక్కమాట అనాలనిపించింది. ఈసారి కూడా నేను నోరు తెరవలేదు.

అన్నీ అయ్యాక బస్సుకు ఇంకా పొద్దుందని బడి వైపు నడిచాను. ఎవరూ లేరు. కబురు తెలిసి పిల్లల్ని పంపేసినట్టున్నారు. పలక మాత్రం గుమ్మం పక్కన మేకుకే ఉంది. ఆ రోజు వంతు ఎవరిదో గానీ, ఆమె రాకముందే వచ్చి తయారుగా ఉన్నట్టుంది. బలపంతో గుండ్రం గీసి ఉంది. కళ్ళున్నాయి, ముక్కుంది, నుదుట బొట్టు కూడా పెట్టి ఉంది. చెంపలు మాత్రం ఖాళీ. గడప మీద చిన్న ఇటుకముక్క, దాని పక్కన అప్పుడే నూరి పెట్టుకున్న చిటికెడు ఎర్రటి పొడి. ఆమె వస్తే ముఖం చూసి పుయ్యడానికి.